ముందు గంతు

1983 అక్టోబరు 19, బుధవారం. తెల్లవారుజామున మొదలైన తుంపర పొద్దెక్కినా ఆగలేదు. గాలి లేదు. మబ్బు ఎంత కిందికి దిగిందంటే ఎర్ర గుట్ట మీది బండలు కనపడలేదు. చిత్త కార్తె చివరి రోజులు. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని సామెత. ఆ రోజు దాని చిత్తం జింకల బీడు మీద ఉంది.

తేదీ ఇంత కచ్చితంగా నీకెలా తెలుసంటారేమో. ఆ బీట్లో ఒక బట్టమేక పిట్ట ఉండేది. మూడడుగుల పక్షి. రోజంతా మెడ ఎత్తి చూడటం తప్ప దానికి వేరే పని లేదు, మాటలు బహు తక్కువ. తక్కువ మాట్లాడేవాళ్ళు చెప్పింది నేను నమ్ముతాను. ఎక్కువ మాట్లాడేవాళ్ళ సంగతి అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నాను.

బీడుకు ఒక పక్క గుట్ట, ఒక పక్క జొన్న చేలు, పడమట ఒక వంక. వానలు గట్టిగా పడితే ఆ వంక పారుతుంది, లేకపోతే అంతా ఇసుకే. వంక గట్ల కింద దట్టంగా బలుసు పొదలు. నల్లజింకల మంద బీట్లో ఉండేది. తోడేలు వంకలో ఉండేది. నక్క రెండింటి మధ్యా తిరుగుతుండేది. నక్కలు ఎక్కడైనా అంతే.

ఆ మందలో పిల్ల ఏ చేలో పుడితే దానికి ఆ పంట పేరు పెట్టేవాళ్ళు. ఉలవ చేలో పుట్టినవాడు ఉలవయ్య. ఇప్పుడు ముసలివాడై పిల్లజింకలకు గంతులు నేర్పే అయ్యవారయ్యాడు. జొన్న చేలో పుట్టినామె జొన్నవ్వ, మందలో అందరికంటే పెద్దది. సెనగ చేలో పుట్టిన అల్లరివాడు సెనగడు. అరిక చేలో పుట్టిన ఆడపిల్ల అరిక. ఈ కథ అరికదే.

తోడేలును చూడగానే జింక పారిపోతుందని మనం అనుకుంటాం. నల్లజింక అలా చేయదు. ముందు నిలబడిన చోటే నాలుగు కాళ్ళూ కూడదీసుకుని నిలువునా గాల్లోకి లేస్తుంది. 'చూశావుగా నా సత్తువ, నా వెంట పడతావో ఊరుకుంటావో నీ ఇష్టం' అని చెప్పడమది. తోడేలు లెక్క తెలిసిన జంతువు. ఎగిరినవాళ్ళను వదిలేసి, ఎగరలేనివాళ్ళ కోసం వెతుకుతుంది. మందలో ఒకరు మొదట ఎగరాలి. దాన్నే ముందు గంతు అనేవాళ్ళు. ముందు గంతు బాగా పడితే వెనక అందరి కాళ్ళూ లేస్తాయి. అది తడబడితే మంద చెల్లాచెదురు. చెదిరిన మందలో తోడేలుకు విస్తరి వేసినట్టే.

అందుకే ఉలవయ్య బడిలో రోజూ పొద్దున ఒక పాఠం వల్లె వేయించేవాడు.

"కుంటితే?"

"కనపడనీయం!"

"దగ్గొస్తే?"

"వినపడనీయం!"

"వణుకొస్తే?"

"ఎవరికీ చెప్పం!"

ఆ బుధవారం తుంపరలో పాఠం అయ్యాక ఉలవయ్య గొంతు సవరించుకున్నాడు. "నా మోకాళ్ళ పని అయిపోయింది. స్వాతి కార్తె మొదటి పొద్దున ముందు గంతు వేరేవాళ్ళ చేతుల్లో పెడుతున్నా. ఈ మందలో నా కంటే ఎత్తు ఎగిరేది ఒక్కతే ఉంది. అరిక."

పిల్లలంతా కేరింతలు కొట్టారు. సెనగడు ముందు కాళ్ళెత్తి, "మా అరికక్క మబ్బు తాకి వస్తుందయ్యోరా! వచ్చేటప్పుడు నాలుగు చుక్కలు పట్టుకురమ్మనండి, దాహంగా ఉంది" అన్నాడు.

"ఏదీ, ఒకసారి ఎగిరి చూపించు తల్లీ" అన్నాడు ఉలవయ్య.

అరిక కాళ్ళు కూడదీసుకుంది. నిన్నటి దాకా ఎగిరినవి ఆ కాళ్ళే. కానీ ఇప్పుడు గుండె చెవుల్లో కొట్టుకుంది, నోరెండింది, మోకాళ్ళ కింద సన్నగా ఏదో వణికింది. ఎలాగో ఎగిరింది. బాగానే ఎగిరింది. అందరూ భళా అన్నారు. వణుకు దానికొక్కదానికే తెలుసు.

ఆ రోజు నుంచి గడ్డి మట్టి రుచి వేసింది. నిద్ర పట్టినట్టే పట్టి తెగిపోయేది. పిల్లలు ఆడుకుంటుంటే దూరంగా నిలబడేది. 'నేను తడబడితే? నా వెనక ఇంతమంది...' అన్న ఒక్క ఆలోచన జోరీగలా తల చుట్టూ తిరిగేది. తోకతో కొడితే జోరీగ పోతుంది. ఇది పోదు.

మా కాలేజీ హాస్టల్లో జ్వరం వచ్చినవాడు ధైర్యంగా దుప్పటి కప్పుకుని పడుకునేవాడు, మేమంతా వంతులేసుకుని గంజి తెచ్చేవాళ్ళం. పరీక్ష భయంతో నిద్ర పట్టనివాడు మాత్రం దుప్పటి మడిచిపెట్టి మెస్సులో నవ్వుతూ కూర్చునేవాడు. గంజి వాడిక్కూడా కావాలని ఎవరికీ తట్టలేదు. సరే, ఆ సంగతి పక్కన పెట్టి బీటికి పోదాం.

అరిక మొదట జొన్న చేను గట్టుకు పోయింది. అక్కడ బూడిద రంగు మైల ఎద్దు గడ్డి మేస్తోంది. ఓర్పుకు ఆ చుట్టుపక్కల దాన్ని మించింది లేదు.

"ఎద్దు తాతా, లోపల ఏదో బరువుగా ఉంది."

"బరువా? నేను మోసే బండి చూశావా పిల్లా?"

"ఆ బరువు కాదు తాతా. ఎగరబోయే ముందు వణుకొస్తోంది."

ఎద్దు చాలాసేపు నమిలింది. "ఓర్చుకో" అంది. "నా మెడ మీద కాడి పుండు ఎన్నేళ్ళదో తెలుసా? ఎద్దు పుండు కాకికి ముద్దు. వచ్చి పొడుస్తుంది. ఓర్చుకుంటా. అన్నీ అవే పోతాయి."

"పుండు పోయిందా తాతా?"

"లేదు" అంది ఎద్దు, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టి.

ఎద్దు చెడ్డది కాదు. దానికి తెలిసిన మందు అదొక్కటే.

తర్వాత అరిక ఉలవయ్య దగ్గరికి పోయింది. "అయ్యోరా, నాకు కాళ్ళు..."

"ష్!" ఉలవయ్య నాలుగు వైపులా చూశాడు. "ఏమైనా మతి పోయిందా? కాళ్ళకేమీ కాలేదు. పొద్దున నేనే చూశా."

"కాళ్ళు బాగానే ఉన్నాయి. లోపల..."

"లోపల అనేది ఏమీ లేదు. గడ్డి ఎక్కువై వచ్చే ఆలోచనలివి. ఇంతమందిలో నిన్ను ఎంచా. ఆ మాట నాకూ వినిపించకు, గాలికీ వినిపించకు." మాట కరుకుగా ఉంది గానీ, అంటున్నప్పుడు ఉలవయ్య చూపు నేల మీద ఉంది. అరిక అది గమనించలేదు. తల ఊపి వెనక్కి తిరిగింది.

వంక వైపు పోయే దారిలో రేగు చెట్టు కింద నక్క కూర్చుని ఉంది.

"ఏం కోడలా, మొహం అట్లా వాడిపోయింది?"

"ఏం లేదు మామా."

"ఏం లేకపోతే జింకపిల్ల వంక దారి పట్టదు. కూచో. నేనేమీ అనను. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే మానుకో."

అరిక కూర్చోలేదు గానీ నిలబడింది. చెప్పింది. గడ్డి రుచి చెప్పింది, నిద్ర చెప్పింది, జోరీగ చెప్పింది. నక్క మధ్యలో ఒక్క మాటకూ అడ్డు రాలేదు. కుడి చెవి ఇటు తిప్పి, తల కొంచెం వంచి, "ఊఁ... ఎప్పటి నుంచి తల్లీ?... పాపం... ఊఁ..." అంటూ వింది. అరికకు కళ్ళు చెమ్మగిల్లాయి. నిజం చెప్పాలంటే ఆ బీటి చుట్టుపక్కల అరిక మాట పూర్తిగా విన్న మొదటి జీవి నక్కే.

"దీనికి మందుంది" అంది నక్క చివరికి. "వంకలో పెద్ద బలుసు పొద చూశావా? దాని మొదట్లో ఒక తీగ. కళ్ళు మూసుకుని, తల లోపలికి పెట్టి, గట్టిగా ఆ వాసన పీల్చాలి. వణుకు అక్కడే రాలిపోతుంది. స్వాతి మొదటి పొద్దున, మంద లేవకముందే రా. ఒక్కదానివే రా. ఎవరికీ చెప్పొద్దు."

"సెనగడికి కూడానా?"

"వాడికి తెలిస్తే మందంతా తెలుస్తుంది. వణికే పిల్లను మంద ఉంచుకుంటుందా? మంద అంచుకు తోస్తారు. నీ మంచికే చెప్తున్నా."

ఆ సాయంత్రం నక్క వంకలోకి పోయి తోడేలు ముందు చతికిలబడింది. తోడేలు ముసలిది. ఎడమ కన్ను మీద పొర కమ్మింది, పరుగు తగ్గింది, ఆకలి మాత్రం తగ్గలేదు.

"దొరా, ముందు గంతు వేయబోయే పిల్లే మీ పొదలోకి తల పెట్టబోతోంది. పేగులు నాకు, మిగతాది మీకు."

"పొద దట్టం" అంది తోడేలు. "లోపల కూచుంటే నాకు బయటిది ఆనదు. తల వచ్చిందంటే పడతా. ఎవరి తల అని అడగను."

"అడగాల్సిన పనేముంది? వచ్చే తల ఒక్కటే."

"మంద వస్తే?"

"రాదు దొరా. ఆ పిల్లకు ఎవరూ లేరు. అంటే, ఉన్నారు. లేరని దాన్ని నమ్మించా."

తోడేలు నవ్వలేదు. తోడేళ్ళు నవ్వవు. నాలుక ఒకసారి మూతి చుట్టూ తిప్పింది, అంతే.

రోజులు గడిచాయి. మందలో ఎవరికీ ఏమీ కనపడలేదు. సెనగడికి మాత్రం ఒకటి కనపడింది. మేసి వచ్చి పడుకున్నాక జింకలన్నీ కళ్ళు సగం మూసి నెమరు వేస్తాయి. అరిక దవడ కదలడం లేదు.

"ఏందక్కా, నెమరు వేయట్లేదు?"

"వేశా."

"ఎప్పుడు? నేను నిన్నటి నుంచి చూస్తున్నా. నీ మూతి నా చదువులాగే ఉంది, కదలడం లేదు."

అరికకు నవ్వు రాలేదు. సెనగడి జోకులకు నవ్వు రాకపోవడం కొత్త కాదు గానీ, కనీసం తిట్టేది. ఇప్పుడు తిట్టలేదు. వాడికి అప్పుడు భయం వేసింది.

"అక్కా, ఏమైంది?"

"ఏం లేదు."

వాడు లేచి పోలేదు. ఉపాయాలూ చెప్పలేదు, వాడికి తెలిస్తే కదా. దాని పక్కనే వీపుకు వీపు ఆనించి పడుకున్నాడు. చాలాసేపయ్యాక అరిక, "ఒట్టు వేస్తావా?" అంది.

"ఒట్టు."

"రేపు పొద్దున నక్క మామ నాకు మందిస్తాడు. వంకలో. వణుకుకు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"వంకలోనా! తోడేలుండే..."

"ఒట్టు వేశావు. చెప్పావంటే మంద నన్ను అంచుకు తోస్తుంది. రేపటి నుంచి నీతో మాట్లాడను."

సెనగడు నోరు మూసుకున్నాడు. వాడి దవడ కూడా ఆగిపోయింది.

స్వాతి మొదటి పొద్దు మంచుతో తెల్లారింది. పది అడుగుల అవతల గడ్డి కూడా బూడిద రంగులో కలిసిపోయింది. అంతదాకా మేలుకుని ఉన్న సెనగడికి అప్పుడే కునుకు పట్టింది. లేచి చూస్తే పక్క ఖాళీ. నేల ఇంకా వెచ్చగా ఉంది.

అప్పటికే మంద బడి దిబ్బ చుట్టూ చేరుతోంది. ఉలవయ్య నడుమ నిలబడ్డాడు. "అరికను పిలవండి" అన్నాడు. పిల్లలు అటూ ఇటూ వెతికారు. "ఎక్కడ? సెనగా, నీ పక్కనే కదా పడుకుంటుంది?"

"నాకు తెలీదు" అన్నాడు సెనగడు. చూపు వంక వైపు పోయింది.

జొన్నవ్వ దగ్గరికి వచ్చింది. ముసలిదానికి కళ్ళు తక్కువ, ముక్కు ఎక్కువ. "ఒట్టు వేశావా అబ్బీ?"

వాడు తల ఊపాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"చెప్తే దానికి కోపమొస్తుంది, అవునా?"

"జన్మలో మాట్లాడదంట."

"మాట్లాడకపోవడానికైనా అది బతికుండాలి కదరా. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. చెప్పు."

వాడు ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. మంద గొల్లుమంది. "నక్కా?" "వంకలోకా?" "వణుకు దాచిన పిల్ల కోసం అందరం తోడేలు నోట్లోకి పోవాలా?" ఆ చివరి మాట అన్నది ఎవరో ఇప్పటికీ తెలియదు. అలాంటి మాటలు ఎప్పుడూ వెనక వరుసలోంచే వస్తాయి.

ఉలవయ్య దిబ్బ దిగాడు. "నా దగ్గరికి వచ్చింది" అన్నాడు మెల్లగా. "లోపల అంది. నేను వినలేదు."

"ఇప్పుడు విందువు గాని, పద" అంది జొన్నవ్వ. అప్పటికే పరుగు మొదలుపెట్టింది. ఆ వయసులో.

వంకలో ఇసుక తడిగా ఉంది. అరిక డెక్కలు దిగబడుతున్నాయి. నక్క ముందు నడుస్తోంది.

"ఇంకొంచెం ముందుకు రా తల్లీ. అదిగో."

పెద్ద బలుసు పొద మంచులో నల్లగా, ముడుచుకుని కూర్చున్న జంతువులా ఉంది. పిట్ట అరుపు లేదు. అరిక ఆగిపోయింది.

"మామా, పిట్టలు ఎందుకు అరవట్లేదు?"

"మంచు కదా. అవును గానీ, నువ్వు రావడం ఎవరూ చూడలేదు కదా?"

"లేదు."

"ఎవరికీ చెప్పలేదు కదా?"

నక్క ఇదే ప్రశ్న దారిలో కూడా అడిగింది. ఆ రోజు రేగు చెట్టు కింద నిద్ర గురించి వింది, రుచి గురించి వింది. ఈ పొద్దున ఒక్కసారైనా 'ఎట్లా ఉన్నావు' అనలేదు. అరిక గుండె దడదడమంది. కానీ ఈ దడ వేరు. గంతుకు ముందు వచ్చే దడ తలలోంచి వస్తుంది, రేపటి గురించి వస్తుంది. ఇది కాళ్ళలోంచి వచ్చింది, ఎదురుగా ఉన్న పొద గురించి వచ్చింది. ఇన్నాళ్ళూ భయమంటే ఒకటే అనుకుంది.

"మామా, నాకు భయంగా ఉంది" అంది. బతుకులో మొదటిసారి ఆ మాట పూర్తిగా, గట్టిగా అంది.

"భయమెందుకు, కళ్ళు మూసుకో, తల పెట్టు. తెల్లారిపోతోంది."

"భయపడేవాళ్ళకు ముందు చేసి చూపించాలి కదా. మా అయ్యవారు ఏ గంతైనా ముందు తను ఎగిరి చూపిస్తాడు. ఒక్కసారి మీరు తల పెట్టి వాసన పీల్చండి. తర్వాత నేను."

నక్క కళ్ళు పొద వైపు పోయి వచ్చాయి. "నాకు వణుకు లేదుగా, నాకెందుకు మందు?"

"వణుకు లేకపోతే మరీ మంచిది. భయం లేకుండా పెట్టొచ్చు."

"మందు వృథా అవుతుంది తల్లీ."

"వాసన వృథా అవుతుందా మామా? వద్దులే, నేను పోతా." అరిక ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇంత దాకా తెచ్చిన పళ్ళెం జారిపోతోంది. నక్కకూ ఒక ఉపాయం తోచింది. మూతి కొంచెం లోపలికి పెట్టి, 'దొరా, నేనే, ఆగండి' అని చెవిలో ఊది వెనక్కి వస్తే సరి. ఉపాయం ఎక్కువైనవాళ్ళకు ఇదే చిక్కు, ప్రతి గోతికీ ఒక నిచ్చెన ఉందనుకుంటారు.

"ఎంత పిరికిదానివే! ఇదిగో చూడు" అంటూ నక్క ఆకులు తప్పించి తల వంచింది. "దొ..."

మాట పూర్తి కాలేదు. పొద ఒక్కసారి అదిరింది. తోడేలు తెల్లవారుజాము నుంచి కాచుకుని ఉంది. ఎవరి తల అని అది అడగనని ముందే చెప్పింది.

నక్క అరుపు గుట్ట దాకా వినపడింది. గిలగిలా కొట్టుకుని, మెలి తిరిగి, కుడి చెవి తోడేలు పళ్ళ మధ్య వదిలేసి ఇసుకలో దొర్లింది. తోడేలు పొద చీల్చుకుని బయటపడింది. నోట్లోది ఉమ్మేసింది.

"థూ! నక్క!"

అప్పుడు దాని ఒంటికన్నుకు అరిక కనపడింది. నాలుగు బారల దూరం.

పారిపోవడానికి వీలు లేదు. వెనక గట్టు నిటారుగా ఉంది, కింద తడి ఇసుక. మిగిలింది గంతు ఒక్కటే. అరిక కాళ్ళు కూడదీసుకుంది. కాళ్ళు రాలేదు. మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. తోడేలు తల వంచి ఆ మోకాళ్ళనే చూస్తోంది. లెక్క వేస్తోంది. ఒక అడుగు. ఇంకో అడుగు.

చిన్నప్పటి నుంచి వల్లె వేసిన పాఠం అరిక చెవుల్లో మోగింది. వణుకొస్తే ఎవరికీ చెప్పం. దాచడానికి ఇక అక్కడ ఎవరున్నారు?

"వణుకుతోంది!" అని అరిచింది. "నాకు కాళ్ళు వణుకుతున్నాయి! ఎవరైనా ఉన్నారా? నాకు వణుకుతోంది!"

తోడేలు క్షణం ఆగింది. అది పుట్టి బుద్ధెరిగాక ఏ జింకా దానితో అలా అనలేదు.

గట్టు మీది నుంచి, మంచులోంచి, ఒక పిల్ల గొంతు: "నాకూ వణుకుతోందక్కా!"

సెనగడు. గట్టు అంచున నిలబడ్డాడు, ఒళ్ళంతా ఆకులా ఊగుతోంది.

"నాకూ" అంది జొన్నవ్వ, వాడి పక్కన నిలబడి. "మొదటి పిల్లను ఈనిన నాటి నుంచీ."

"నాకూ!" "నాకూనే!" మంచులోంచి కొమ్ములు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గట్టు పొడవునా మంద. చివరికి అందరికంటే బొంగురు గొంతు, సిగ్గుపడుతూ, కానీ అందరికీ వినపడేలా: "నాకు ప్రతి పొద్దునా వణుకుతుంది తల్లీ. ముందు గంతు వేసిన ప్రతిసారీ. వణుకుతూనే ఎగిరా. ఎగురు."

అది ఉలవయ్య.

అరిక ఎగిరింది. వణుకు పోయి ఎగరలేదు, వణుకుతున్న కాళ్ళతోనే ఎగిరింది. అదే క్షణాన గట్టు మీద మందంతా ఎగిరింది. ముందు ఎవరు, వెనక ఎవరు అని లేదు. తోడేలు కన్నుకు మంచులో ఒక నల్లటి గోడ లేచి దిగినట్టు కనపడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ దిగింది.

తోడేలు లెక్క పూర్తయింది. మెల్లగా నక్క వైపు తిరిగింది.

"ఎవరూ లేరన్నావు."

"దొరా, అది... నేను చెప్పింది ఏమిటంటే..."

"పేగులు నీకన్నావు."

నక్క మిగిలిన చెవి వెనక్కి వాల్చి పరుగెత్తింది. తోడేలు దాని వెంట పడింది. జింకను పట్టే పరుగు దానికి లేదు గానీ, నెత్తురు కారే నక్కను బీడు దాటించే పరుగు ఉంది. ఆ రెండూ గుట్ట వెనక మంచులో కలిసిపోయాయి.

సెనగడు గట్టు దిగి వచ్చి దూరంగా నిలబడ్డాడు. "ఒట్టు తప్పాను. మాట్లాడవద్దులే. చూసి పోదామని వచ్చా."

అరిక వాడి దగ్గరికి నడిచింది. "ఏందిరా, నీ మొహానికంతా మట్టి" అంది. వాడికి అది చాలు.

ఆ మర్నాడే అరిక వణుకు మాయమైందని చెబితే మీరు నమ్మరు, నేను చెప్పను. చాన్నాళ్ళు ఉంది. జొన్నవ్వ దాన్ని మంద నడుమ పడుకోబెట్టింది, లేత గడ్డి ముందు దానికి చూపించింది, ఒంటరిగా వదల్లేదు. గడ్డికి రుచి మెల్లగా తిరిగొచ్చింది. ఒక రోజు దవడ కదిలింది. ఒకటి మాత్రం పిల్లలు గుర్తుంచుకోవాలి: కొన్ని వణుకులకు నిజంగానే మందు కావాలి, దానికి నిజమైన వైద్యులు ఉన్నారు. వాళ్ళు మీ మాటను బజార్లో పెట్టరు. అలాగని 'నీవాళ్ళకెవరికీ తెలియనీయకు, ఒక్కదానివే పొదలోకి రా' అని కూడా అనరు.

మరుసటి ఎండాకాలం ఉలవయ్య పోయాడు. నిద్రలోనే. ఆయన ముందు గంతు ఏ ఒక్కరికీ దక్కలేదు. ఆ పొద్దున గట్టు మీద ఎగిరినట్టే మందంతా పంచుకుంది. ఆయన బడి అరికకు వచ్చింది. పాఠం అదే, జవాబు మారింది. "వణుకొస్తే?" అని అడుగుతుంది. "పక్కవాళ్ళకు చెప్తాం!" అని పిల్లలు అరుస్తారు. ఆయన నిలబడే దిబ్బ సెనగడికి దక్కింది. వాడు అక్కడి నుంచి తోడేలును కాదు, ఎవరి దవడ కదలడం లేదో చూస్తుంటాడు. జొన్నవ్వ పోతూ తన చవిటి నేల, ఉప్పు నాకే చోటు, మందలో ఎవరికి మనసు బాగాలేకపోతే వాళ్ళకు రాసిచ్చింది. మైల ఎద్దుకు ఒక మాట దక్కింది. ఇప్పుడు ఎవరైనా బరువంటే, 'ఓర్చుకో' అనే ముందు 'ఏమైంది?' అంటుంది. నక్క బొరియలో ఉడుము కాపురం పెట్టింది. అరిక మాటలన్నీ విన్న ఆ కుడి చెవి ఇసుకలో పడి ఉంటే కాకులు తీసుకుపోయాయి.

నక్కకు ఏమీ రాలేదు.

నీతి: మనవాళ్ళు వినని మాటను నక్క వింటుంది.